ఎంబీబీఎస్ కష్టం వేరు, పీజీ కష్టం వేరు

సంపాదకుల వారికి,

పీజీ కౌన్సెలింగ్ రోజుల్లో కర్నూలు, నంద్యాల, ఆదోని ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది. ‘ఎంబీబీఎస్ గట్టెక్కాడు, ఇంకేముంది, పీజీ అంటే స్టైపెండ్ ఇచ్చి నేర్పే చదువే కదా!’ అని. పీజీ చేస్తున్న పిల్లల్ని అడిగితే సరిగ్గా దీనికి తిరగబడిన మాట చెబుతారు. ‘ఎంబీబీఎస్ ఆటవిడుపు, అసలు పని ఇప్పుడు మొదలైంది’ అంటారు. ఇరువైపులా కొంత నిజం, కొంత మరపు ఉన్నాయి. ఈ ఊళ్లో వైద్య విద్యార్థులకూ పీజీలకూ పాఠాలు చెప్పేవాళ్లం కాబట్టి ఈ లెక్కను కాస్త విడమరిచి చెప్పాలని రాస్తున్నాం.

మేం చెప్పదలచుకున్నది ఇది. ఎంబీబీఎస్ కష్టంలో చాలా భాగం తప్పించడానికి వీల్లేనిది. పీజీ కష్టంలో దాదాపు సగం తప్పించగలిగినదే. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘డాక్టరు చదువంటే అంతే’ అని సరిపెట్టుకోవడం వల్ల ఆ సగం కూడా ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయింది.

ముందు ఎంబీబీఎస్. నీట్‌లో 180 ప్రశ్నలకు గురి చూసి చదివి వచ్చిన పిల్లకు మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ కలిసి మీద పడతాయి. ఒకప్పుడు ఈ మూడింటికీ 18 నెలల గడువు ఉండేది. 1997 నిబంధనలు దాన్ని ఏడాదికి కుదించాయి. పుస్తకాలు మాత్రం సన్నబడలేదు. మణికట్టులోని 8 ఎముకలు, మెదడు నుంచి బయలుదేరే 12 జతల నాడులు, ఒక్కో కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, ఏ నాడి దాన్ని నడుపుతుంది, ఏం పని చేస్తుంది అన్నవన్నీ నోటికి రావాలి. చేతికి వెళ్లే నాడుల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్ గీయమంటే ఆలోచించకుండా చెయ్యి కదలాలి.

ఇక్కడ దెబ్బ తినేది తెలివి తక్కువ పిల్లలని అనుకుంటే పొరపాటే. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీ గంట కొట్టి లేపి, గంట కొట్టి చదివించి, వారం వారం పరీక్ష పెట్టి నడిపించిన పిల్లలే ఎక్కువగా తడబడతారు. మెడికల్ కాలేజీలో ఆ గంట మోగదు. వెనకబడ్డామన్న సంగతి మొదటి ఇంటర్నల్ మార్కులు వచ్చేదాకా తెలియదు. ఆ సరికి చేతులూ కాళ్లూ అయిపోయి శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాలులో ఛాతీ నడుస్తుంటుంది. రెండో దెబ్బ వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో తగులుతుంది. బహుళైచ్ఛిక ప్రశ్నకు జవాబు గుర్తుపట్టగలిగే పిల్లవాడు, ఎగ్జామినర్ చేతిలో ఎముక పెట్టి ‘ఇది కుడిదా ఎడమదా, ఎలా చెబుతావు?’ అంటే నోరు పెగలక నిలబడిపోతాడు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన వాళ్లకు ఇంగ్లిష్ భయం దీనికి తోడవుతుంది.

దీనికి మందు ఉంది, కొంచెం చేదు మందు. టేబుల్ దగ్గర నిర్మాణాన్ని చేత్తో తాకుతూ దాని పేరూ పనీ పైకి చెప్పాలి. అదే రోజు రాత్రి పుస్తకం మూసి బొమ్మ గీయాలి, గీయలేకపోయిన చోటే మళ్లీ చదవాలి. మూడో రోజు ఒకసారి, పది రోజులకు ఒకసారి తిరగేయాలి. పరీక్షకు నెల ముందు రాత్రింబవళ్లు కూర్చుంటే చాలనుకునే వాళ్లు సప్లీ రాస్తారు. ఒక సప్లీ వల్ల ఏమీ మునిగిపోదు. అయితే మొదటి ఎంబీబీఎస్‌కు ఇప్పుడు నాలుగే అవకాశాలు, మొత్తం కోర్సుకు తొమ్మిదేళ్ల హద్దు ఉన్నాయన్నది తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

రెండో దశలో పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ వస్తాయి. వార్డులకు వెళ్లడమూ మొదలవుతుంది. చివరికి మెడిసిన్, సర్జరీ, గైనిక్, పీడియాట్రిక్స్. ఇదంతా ఎంత బరువైనా దీనికొక గట్టు ఉంది. సిలబస్ ఒకచోట ఆగుతుంది, పరీక్ష తేదీ దాటుతుంది, మరుసటి రోజు పడుకోవచ్చు. తప్పు రాస్తే మార్కులు పోతాయి, మనిషి పోడు. ఇంత మోయించకుండా డాక్టరును తయారు చేయడం ఏ దేశం వల్లా కాలేదు. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ తర్వాత మరో నాలుగేళ్లు మెడికల్ స్కూలు చదివిస్తారు. అక్కడి లైసెన్సు పరీక్షల్లో మొదటిదాన్ని 2022 నుంచి మార్కులు లేకుండా పాస్, ఫెయిల్ అని మాత్రమే చెప్పే పద్ధతికి మార్చారు. పోటీ కొంచెం చల్లబడిందేమో, పాఠం మాత్రం తగ్గలేదు.

చదువుకూ పనికీ మధ్య వంతెనగా హౌస్ సర్జన్సీ ఏడాది ఉంది. ఆ వంతెన ఇప్పుడు బీటలు వారింది. పీజీ సీటు తేల్చే నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు, 19 సబ్జెక్టులు. సూది గుచ్చడం, కుట్టు వేయడం, ట్యూబు వేయడం, కాన్పు చేయించడం నేర్చుకోవాల్సిన ఏడాదిలో హౌస్ సర్జన్ ఫోన్లో వీడియో పాఠం వింటుంటాడు. వాణ్ణి తప్పుపట్టడం తేలిక. సీటు నిర్ణయించే పరీక్షలో ఒక్క కుట్టుకైనా మార్కు లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. దాని ఫలితం మాత్రం పీజీ మొదటి నెలలోనే బయటపడుతుంది. ర్యాంకు ఘనంగా ఉంటుంది, చెయ్యి వణుకుతుంటుంది.

ఇక పీజీ. చదవాల్సిన సబ్జెక్టుల సంఖ్య చూస్తే ఇది తేలికవ్వాలి, 19 నుంచి ఒకటికి దిగాం కదా. కష్టం ఎక్కడుందో చూపడానికి మన రాయలసీమ ఆసుపత్రులకు రోజూ వచ్చే కేసునే తీసుకుందాం. ఆర్గానోఫాస్ఫరస్ (ఓపీ) రకం పురుగుల మందు ఒంట్లోకి పోయిన కేసు.

ఎంబీబీఎస్ విద్యార్థి దీనికి చక్కటి జవాబు రాయగలడు. నాడుల సంకేతాన్ని మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమును పురుగుల మందు కట్టేస్తుంది, అందుకే చొంగ, చెమట, ఊపిరితిత్తుల్లో నీరు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం. విరుగుడు అట్రోపిన్. ఇది రాస్తే పది మార్కులూ వస్తాయి.

రాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీలో ఉన్న మొదటి ఏడాది పీజీకి ఈ జవాబుతో పని మొదలవుతుంది, అంతే. మన దగ్గర అట్రోపిన్ ఆంపుల్‌లో (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు బుడ్డిలో) 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. 1.8 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలంటే మూడు ఆంపుల్స్. అయిదు నిమిషాలకు ఛాతీ వినాలి. గరగర తగ్గకపోతే రెట్టింపు, అంటే ఆరు. మళ్లీ అయిదు నిమిషాలు, మళ్లీ తగ్గకపోతే పన్నెండు. ఛాతీ రెండు వైపులా శుభ్రంగా వినపడాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 పైన నిలవాలి, చంకలు పొడిబారాలి. కంటిపాప ఒక్కటే చూసి ఆపేవాళ్లూ, నాడి వేగం ఒక్కటే చూసి ఆపేవాళ్లూ తప్పు చేస్తారు. భయానికీ, ఆక్సిజన్ చాలకా కూడా నాడి పరుగెడుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు మాత్రం అలాగే ఉంటుంది. మూడు విడతలకు 21 ఆంపుల్స్, అంటే 12.6 మిల్లీగ్రాములు పట్టిందనుకుంటే, ఆ మొత్తంలో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా గంటకు డ్రిప్‌లో వెళ్లాలి. గంటకు సుమారు రెండు నుంచి నాలుగు ఆంపుల్స్. ఎక్కువైతే జ్వరం, కలవరింత, పేగుల చప్పుడు ఆగిపోవడం. అప్పుడు డ్రిప్ ఆపి, లక్షణాలు తగ్గాక తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలి.

ఇదంతా ఒక మంచం దగ్గర. పక్క మంచంలో పాము కాటు కేసుకు గాజు గొట్టంలో రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందో లేదో చూడాలి. గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్‌దైతే గడ్డ కట్టాల్సిన రక్తం కూడా కట్టకుండా మోసం చేస్తుంది. ఆ పక్కన షుగర్ కేసు. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ వయల్‌కు 100 యూనిట్ల లెక్కతో గీతలున్న సిరంజి వాడితే గీతల లెక్క తప్పుతుంది, పేషెంటుకు చెప్పిన డోసులో సగం కూడా అందదు. ఎర్ర మూత సిరంజి, నారింజ మూత సిరంజి తేడా నిద్ర కళ్లకు ఆనదు. జ్ఞానం లేక ఈ తప్పులు జరగవు. జ్ఞానం ఉండీ, ఒకేసారి పది చోట్ల పెట్టాల్సిన దృష్టి అలిసిపోయి జరుగుతాయి. పీజీ కష్టమంటే ఇదే.

ఇందులోనూ తప్పించలేని భాగం ఒకటుంది. నిర్ణయం తీసుకోవడం, దాని ఫలితాన్ని పొద్దున్నే రౌండ్స్‌లో కళ్లారా చూడడం, మరణించారన్న కబురు బంధువులకు చెప్పడం. ఇవి పుస్తకంలో దొరకవు, మంచం పక్కన నిలబడితేనే వస్తాయి. రాత్రి డ్యూటీలే వద్దనే వాళ్లతో మేం ఏకీభవించం. పురుగుల మందు కేసులో మొదటి రోజు గండం గడిచాక, 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు బలహీనపడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. ‘దిండు మీంచి తల ఎత్తు’ అని పూటపూటా అడిగి చూసిన పీజీ దాన్ని ముందే పసిగడతాడు. ఒక్కో కేసును వరసగా కొన్ని రోజులు వెంబడిస్తే గానీ ఆ కన్ను రాదు.

ఇక తప్పించగలిగిన భాగం. మొదటిది గంటలు. వారానికి రెండు అడ్మిషన్ డ్యూటీలు, అంటే కొత్త పేషెంట్లను చేర్చుకునే డ్యూటీలు పడ్డాయనుకుందాం. పొద్దున ఎనిమిదికి వచ్చిన పీజీ ఆ రాత్రంతా ఉండి, మరునాడు వార్డు పని ముగించి బయటపడేసరికి 34 నుంచి 36 గంటలు. అలాంటివి రెండంటే సుమారు 70. మిగిలిన మూడు రోజులూ పదేసి గంటలు కలిపితే వంద. వారానికి ఉన్నవే 168 గంటలు. నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించరాదంది. 2023 నాటి పీజీ నిబంధనలు ‘సమంజసమైన’ పని గంటలు అని ఊరుకున్నాయి, అంకె వేయలేదు. వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు ఇచ్చాయి గానీ వారపు సెలవుకు ‘పని అవసరాలకు లోబడి’ అని తోక తగిలించాయి. విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ కార్యదళం 2024లో మళ్లీ అంకెలు చెప్పింది. వారానికి 74 గంటలు మించకూడదు, ఒక 24 గంటల డ్యూటీ, అయిదు రోజులు పదేసి గంటలు, ఒక రోజు పూర్తి సెలవు. 48 ఎక్కడ, 74 ఎక్కడ అనిపించవచ్చు. మా దృష్టిలో 74 ఆచరించగలిగిన అంకె. ఆచరించలేని 48ని కాగితం మీద ఉంచుకోవడం కంటే ఇదే మేలు.

నిద్ర లేకపోతే ఏమవుతుందో కొలిచి చూపినవాళ్లున్నారు. 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమనీ, 24 గంటలకు అది దాదాపు 0.10 శాతానికి చేరుతుందనీ 1997లో ఒక అధ్యయనం తేల్చింది. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితేనే బండి దింపేస్తుంది. బోస్టన్‌లో 2004 నాటి పరిశోధనలో, పాత పద్ధతిలో 24 గంటలు దాటి పనిచేసిన ఇంటర్న్‌లు తక్కువ గంటలు పనిచేసిన వాళ్లకంటే తీవ్రమైన పొరపాట్లు దాదాపు 36 శాతం ఎక్కువగా చేశారు. న్యూయార్క్‌లో 1984లో 18 ఏళ్ల లిబ్బీ జయాన్ అనే అమ్మాయి, ఆమె అప్పటికే వాడుతున్న మాత్రకు పడని ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది గంటల్లో చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసింది ట్రైనీ డాక్టర్లు. ఆ మరణంపై జరిగిన గొడవ వల్లే ఆ రాష్ట్రం 1989లో వారానికి 80 గంటల హద్దు పెట్టింది, 2003లో అది అమెరికా అంతటికీ వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నిజాయితీగా చెప్పాలి. మొత్తం 80 గంటల హద్దు అలాగే ఉంచి, షిఫ్టు పొడవు మాత్రం తగ్గించిన పద్ధతినీ తగ్గించని పద్ధతినీ అక్కడే తర్వాత పోల్చి చూశారు. పేషెంట్ల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. షిఫ్టులు ముక్కలైతే ఒకరి నుంచి ఒకరికి పేషెంటును అప్పగించే సందర్భాలు పెరుగుతాయి, ఆ అప్పగింతలోనే సమాచారం జారిపోతుంది. కాబట్టి రోస్టర్ (డ్యూటీల పట్టీ) మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు, అప్పగింత కూడా మారాలి. మన వార్డుల్లో అప్పగింత ఎలా ఉంటుందో తెలిసిందే. ‘ఏడో నంబరు ఓపీ పాయిజనింగ్, చూస్కోబ్బా’ అని మెట్ల మీద చెప్పి పోతారు. ఎన్ని ఆంపుల్స్ వెళ్లాయో, డ్రిప్ ఎంత స్పీడులో ఉందో, సాయంత్రం పంపిన పొటాషియం రిపోర్టు వచ్చిందో లేదో వచ్చినవాడికి తెలియదు. అప్పుడు వాడు మళ్లీ మూడు ఆంపుల్స్‌తో మొదలుపెడతాడు, లేదా అసలే ముట్టుకోడు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. డ్యూటీ మారేటప్పుడు 15 నిమిషాలు ఇద్దరూ కలిసి మంచాల వెంట నడవాలి. ఒక్కో సీరియస్ కేసుకు కాగితం మీద అయిదు సంగతులు ఉండాలి. ఎంత సీరియస్, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఇంకా ఏం చేయాలి, రాత్రి ఏది తిరగబడవచ్చు, తిరగబడితే ఏం చేయాలి. తీసుకునేవాడు దాన్ని తిరిగి పైకి చెప్పాలి. ఈ చివరిది అందరూ నవ్వుతాలుగా తీసుకుంటారు, అత్యంత అవసరమైనదీ ఇదే.

రెండోది, డాక్టరు చేయనక్కర్లేని పని. రక్తం తీయడం, శాంపిల్ ల్యాబుకు మోయడం, రిపోర్టు కోసం కౌంటర్ దగ్గర నిలబడడం, వీల్‌చైర్ తోయడం, బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరగడం, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) అప్రూవల్‌కు ఫొటోలు, పత్రాలు ఎక్కించడం. రాత్రి పన్నెండు తర్వాత పీజీ చేతుల మీదుగా సాగే పని చూస్తే ఇలాంటివే కుప్పలు. ఊపిరి అందించే అంబూ బ్యాగ్ చేత్తో నొక్కుతూ పేషెంటును సీటీ స్కాన్‌కు తీసుకుపోవడం డాక్టరు పనే, కాదనం. ఆ స్ట్రెచర్‌ను తోసే మనిషి కోసం పావుగంట వెతకడం డాక్టరు పని కాదు. కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లాల నుంచే కాక గద్వాల, రాయచూరు, బళ్లారి వైపుల నుంచీ జనం వస్తారు. ఆ రద్దీ ఎలాగూ తగ్గదు. రాత్రికి వార్డుకో రక్తం తీసే మనిషిని, ఇద్దరు పోర్టర్లను ఇస్తే అదే పీజీ రెండు గంటలైనా కళ్లు మూస్తాడు.

ఇంకొకటి, థీసిస్. ప్రోటోకాల్, ఎథిక్స్ కమిటీ, పరిశోధనా పద్ధతుల ఆన్‌లైన్ కోర్సు అన్నీ మొదటి ఏడాదిలోనే, అంటే సరిగ్గా నిద్ర అతి తక్కువగా ఉండే నెలల్లోనే వచ్చిపడతాయి. వారానికి ఒక్క మధ్యాహ్నం వార్డు నుంచి విడిచిపెట్టకపోతే అది చేతులు మారి వచ్చే అతుకుల బొంతే అవుతుంది. చివర్లో నాలుగు థియరీ పేపర్లు, కేసులు, వైవా ఎలాగూ ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో గడపాల్సిన మూడు నెలల్ని కొందరు శిక్షలా చూస్తారు గానీ మేం అలా అనుకోవడం లేదు. సీనియర్ల నీడ లేకుండా నిర్ణయించడం అక్కడే అలవాటవుతుంది.

అన్ని బ్రాంచీలూ ఒకటి కావు. మెడిసిన్, సర్జరీ, ఆర్థో, గైనిక్, పీడియాట్రిక్స్‌లో పైన చెప్పిన రాత్రులు ఎక్కువ. పాథాలజీ, కమ్యూనిటీ మెడిసిన్‌లో రాత్రులు తక్కువ, పేషెంటుకు దూరమయ్యామన్న దిగులు ఎక్కువ. ర్యాంకు ఎంతకు వస్తే అంతకు బ్రాంచి ఎంచుకుని, ఆరు నెలలకు పడదని తెలుసుకునే వాళ్లున్నారు. గడువు దాటాక సీటు వదిలితే చాలా రాష్ట్రాల్లో లక్షల్లో కట్టాలి. కాబట్టి ఆప్షన్లు పెట్టేముందు ఆ బ్రాంచి మొదటి ఏడాది పీజీతో ఒక్క డ్యూటీ రాత్రి గడిపి చూడమని హౌస్ సర్జన్లకు మా సలహా.

ఇంటివాళ్లకూ ఒక మాట. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో పిల్లలు ఫోన్ చేయకపోతే అడగండి, వెళ్లి చూడండి, చదువు జారుతున్న తొలి గుర్తు అదే కావచ్చు. పీజీ మొదటి ఏడాదిలో ఫోన్ ఎత్తకపోతే నిద్రపోతున్నారనుకోండి, నిద్ర చెడగొట్టకండి. డ్యూటీ దిగి నిద్రమత్తులో బైకు మీద ఊరికి రమ్మని మాత్రం పిలవకండి. బస్సెక్కమనండి. ఉత్సాహమే లేకుండా పోవడం, తిండి మానడం, ‘నావల్ల కాదు’ అని పదే పదే అనడం కనపడితే అలసటేలే అని వదిలేయవద్దు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు.

కాలేజీల యాజమాన్యాలనూ ఆసుపత్రి అధికారులనూ మేం అడిగేది ఇంతే. ప్రతి విభాగం నోటీసు బోర్డు మీద ఆ వారం ఏ పీజీ ఎన్ని గంటలు పనిచేశారో పేరుపేరునా, యూనిట్ చీఫ్ సంతకంతో పెట్టండి. 74 దాటిన చోట ఎందుకు దాటిందో పక్కనే ఒక వాక్యం రాయండి.

ఇట్లు,
వైద్య విద్యా బోధకులు,
కర్నూలు